షీల్డు వచ్చిన సంపు

మిట్టమధ్యాహ్నం, ఫైర్ స్టేషన్. ఆఫీసరు గదిలో బల్లకి ఇటు ఆఫీసరు, అటు వెనక వీధిలో కాపురముంటున్న ఆయన చెల్లెలు.

“రెండు బిందెలు అన్నయ్యా. రెండు బిందెలు తోడితే నీ సంపు అడుగంటిపోతుందా?”

“రెండుతో ఆగుతుందా చెల్లీ? నువ్వు గేటు దాటకముందే మీ వీధి వీధంతా నా నెత్తి మీద కూర్చుంటుంది.”

“కూర్చోనీ. ఆ సంపు తవ్విందెవరు? మీ డిపార్టుమెంటు వాళ్ళా? మా వీధి వాళ్ళే కదా! మట్టి తట్టలు మోసి మోసి నా మెడ పట్టేస్తే పూతమందు తెచ్చిచ్చింది కూడా నువ్వే.”

“తవ్వారు. కాదన్నానా?”

“డాబా మీది నుంచి సంపులోకి పైపులు బిగించిందెవరు? మీ బావ. సొంత పని మానుకుని మరీ బిగించాడు.”

“బిగించాడు. అబ్బ, కాదన్నానా?”

“దేన్నీ కాదనవు. నీళ్ళు మాత్రం ఇవ్వవు. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.”

“ఇది ఫైర్ స్టేషన్ చెల్లీ. ఇక్కడి నీళ్ళు మంటలకి. అది రూలు.”

“వాననీటి పొదుపుకని షీల్డు తీసుకున్న రోజు ఈ రూలు ఎక్కడికి పోయింది? మైకు పట్టుకుని ఏమన్నావు? ‘మా డాబా మీద పడ్డ వాన చుక్క కూడా బయటికి పోదు. మా సంపు నిండితే వెనక వీధికి దాహం ఉండదు’ అన్నావా లేదా?”

“సభలో ఏదో ఊపులో అంటాం.”

“నీ ఊపు మా ఉసురు తీసింది. ఆ మాట పేపర్లో పడింది. పేపరు చూసి మున్సిపాలిటీ వాళ్ళు మా వీధి ట్యాంకరు ఆపేశారు. వెళ్ళి అడిగితే ఏమన్నారో తెలుసా? ‘షీల్డు వచ్చిన సంపు పక్కనే పెట్టుకుని మీకు ట్యాంకరెందుకమ్మా’ అని నవ్వారు.”

“వాళ్ళతో నేను మాట్లాడతానన్నాను కదా.”

“ఎప్పుడు? మేం పోయాక, సంతాపసభలోనా?”

“నోటికొచ్చినట్టు మాట్లాడకు.”

“నోరు ఎండిపోయింది, నోటికేం వస్తుంది?”

“టీ తెప్పించనా?”

“నీళ్ళు తెప్పించు.”

“టీ అయితే ఎదుటి కొట్టువాడు క్షణంలో తెస్తాడు.”

“నీళ్ళడిగితే టీ అంటావేంటి? స్టేషన్లో తాగే నీళ్ళు కూడా లేవా?”

“ఎందుకు లేవు? ఉన్నాయి. కుండ కడగడానికిచ్చాను.”

“ఎవరికి?”

“డ్రైవరుకి.”

“డ్రైవరన్న బండి నీడలో పడుకుని గుర్రు పెడుతున్నాడు.”

“లేచాక కడుగుతాడు.”

“అన్నయ్యా, నువ్వు కుండ గురించి కూడా అబద్ధం చెప్పే స్థితికి వచ్చావా? నేనేమైనా కుండెత్తుకుపోతాననుకున్నావా?”

“అదేం మాట?”

“మరేంటి? ఇంటికొక బిందె మిగిలింది మా వీధిలో. ఒక్కటంటే ఒక్కటి. గ్లాసుతో కొలిచి తాగుతున్నాం. టైలరమ్మ కూతురు తన పసిపిల్ల గుడ్డలు ఉతకడానికి నీళ్ళు లేక, ఎండలో ఆరేసి దులిపి మళ్ళీ కడుతోంది. ఆ పిల్ల ఒళ్ళంతా ఎర్రగా పేలిపోయింది. పోయి చూడు ఒకసారి.”

“చూశాను.”

“చూసి?”

“చూసి వచ్చేశాను. ఏం చెయ్యను చెప్పు?”

“మూత తీసి ఒక చేద వెయ్యి. అంత కష్టమా?”

“వానలు దగ్గర్లోనే ఉన్నాయంటున్నారు.”

“వాన పడితే మాకేంటి? మా అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళ మీద ఎంత పడుతుంది? ఆ మధ్య పెద్ద వానకి ఉన్న గిన్నెలన్నీ పెట్టుకున్నాం, ఆ నీళ్ళు వారం తిరక్కుండా అయిపోయాయి. నీకేం, ఇంత డాబా! ఆ ఒక్క వానకే నీ సంపు పొంగిపొర్లి ఉంటుంది. నేను మా కిటికీలోంచి చూస్తూ అనుకున్నాను, ‘పోన్లే, మాకు లేకపోయినా మా అన్నయ్యకి పడుతోంది’ అని.”

“...ఊఁ.”

“ఊఁ ఏంటి? సరేగానీ, వదినేది? క్వార్టర్సుకి తాళం ఉంది.”

“పుట్టింటికెళ్ళింది.”

“పరీక్షలు అవకుండానే పిల్లల్ని తీసుకునా? పోట్లాడుకున్నారా?”

“లేదు.”

“మరి?”

“ఊరికే. గాలి మార్పుకి.”

“వడగాలి ఇక్కడొకటి, అక్కడొకటీనా? ఏదో దాస్తున్నావు.”

“ఏం దాస్తాను?”

“పోనీ ఒక పని చెయ్యి. నీళ్ళొద్దు. మూత తీసి ఒకసారి చూపించు. నిండుగా ఉందని కళ్ళారా చూసి మా వాళ్ళకి చెప్తాను. ‘మరీ ప్రాణం మీదికొస్తే మా అన్నయ్య వదులుతాడు, ఓపిక పట్టండి’ అంటాను. వాళ్ళకి ఆ ధైర్యమే చాలు.”

“తాళం పైవాళ్ళ దగ్గరుంది.”

“నీ బెల్టుకి వేలాడేదేంటి?”

“అది బీరువాది.”

“చిన్నప్పుడు గోళీలన్నీ జేబులో పోసుకుని ‘నా దగ్గర లేవు’ అన్నప్పుడు కూడా ఇలాగే ముక్కు గోక్కునేవాడివి.”

“ముక్కు దురద పెడితే గోక్కోకూడదా?”

“ఉన్నదాన్ని లేదనడం నీకు పుట్టుకతో వచ్చింది. అందుకే వీధిలో నిన్నేమంటున్నారో తెలుసా?”

“తెలుసు. పిసినారి.”

“అది పాతది. ఇప్పుడు ‘సంపు మీది పాము’ అంటున్నారు. తాను తాగదు, ఎవర్నీ తాగనివ్వదు.”

“అననీ. పడతాను.”

“పడతావా! గర్వంగా చెప్తున్నావే!”

“పిసినారి అంటే పడతాను చెల్లీ. అంతకంటే పెద్ద మాటలు ఉంటాయి లోకంలో.”

“ఇంకా పెద్ద మాట కావాలంటే టైర్ల రోజు నీ వెనక అన్నవి చెప్తాను.”

“ఆ టైర్లు అంటించింది మీ వాళ్ళేనని నాకు తెలీదనుకున్నారా? మంట ఆర్పడానికి నీళ్ళ బండి వస్తే బిందెలతో చుట్టుముట్టాలని!”

“తెలిసి ఏం చేశావు? డ్రైవరన్నకి ఇసుక బకెట్లిచ్చి సైకిలు మీద పంపావు! వీధి వీధంతా బిందెలు పట్టుకుని నిలబడితే సైకిలు బెల్లు కొట్టుకుంటూ వచ్చాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు మాకు.”

“టైరు మంటకి ఇసుక చాలు.”

“పిసినారికి ఇసుక చాలు. డ్రైవరన్న వెళ్ళిపోయాక మా వాళ్ళు నన్నేమన్నారో తెలుసా? ‘నీ తోడబుట్టినవాడేగా, నువ్వే చెప్పి ఆపించావేమో, మీ ఇంటికి చాటుగా వస్తున్నాయేమో’ అన్నారు. టైలరమ్మ మా వంటింట్లోకొచ్చి బిందెలు వంచి చూసింది.”

“అంత మాటన్నారా?”

“అన్నారు. దాంతో మీ బావకి రోషం వచ్చింది. ‘నా బామ్మర్ది రాయి కాదు, వాడికి తగలాల్సిన చోట తగిలితే బండి పరిగెత్తుకుంటూ వస్తుంది’ అన్నాడు.”

“బావకి నోరెక్కువ. ఎక్కడున్నాడు?”

“ఇంటి దగ్గరే.”

“ఇవాళ పని లేదా?”

“ఉంది. ఇంటి దగ్గరే ఉంది.”

“ఉండు, ఫోను. హలో, ఫైర్ స్టేషన్. చెప్పండి. ఎక్కడ? మెల్లిగా చెప్పండమ్మా, కేకలేస్తే అర్థం కాదు. ఏ వీధి? ఏ ఇల్లు? ...ఆఁ? ...సరే. సరే, విన్నాను. పెట్టేయండి.”

“ఎవరన్నయ్యా?”

“మీ టైలరమ్మ.”

“ఏమంటుంది?”

“నీ ఇల్లు తగలబడుతోందట.”

“అయ్యో. మరి బండి తియ్యి. అలా చూస్తావేంటి? డ్రైవరన్నని లేపు.”

“చెల్లీ, నీ ఇల్లు తగలబడుతోందని చెప్తే నువ్వు కుర్చీలోంచి లేవలేదు.”

“కాళ్ళాడట్లేదు.”

“కొంగు సర్దుకున్నావు. జుట్టు ముడేసుకున్నావు. ఊరెళ్ళే బస్సు వచ్చినట్టు ‘బండి తియ్యి’ అన్నావు. ఇరవై ఏళ్ళ నుంచి మంటల దగ్గరికి వెళ్తున్నాను. ఇల్లు కాలుతున్నవాళ్ళు ఎలా ఉంటారో నాకు తెలీదా?”

“అయితే రానంటావు.”

“మళ్ళీ టైర్లే కదా?”

“కాదు.”

“చెత్తకుప్పా?”

“కాదు. ఇల్లే. నా ఇల్లే. పద.”

“చెప్పు. అంటించిందెవరు?”

“ఎవరైతే ఏంటి? మంట మంటే కదా. నీ రూలు ప్రకారమే వచ్చాను. మంటలకి తప్ప నీళ్ళివ్వనన్నావు, మంట తెచ్చాను. ఇప్పుడేం రూలు చెప్తావు?”

“నీకు మతి పోయిందా!”

“దాహమేస్తే అన్నీ పోతాయి. ముందు గదిలో పాత పరుపులేసి అంటించారు. సామానంతా తెల్లవారుజామునే టైలరమ్మ ఇంటికి చేరేశాం. పొగ దండిగా రావాలని తడి గోనెలు కూడా... తడి కాదు, తడెక్కడిది. ఏవో గోనెలు. నువ్వు బండి తెచ్చి నాలుగు చుక్కలు చల్లితే ఆరిపోతుంది. మిగతాది మేం పట్టుకుంటాం. ఎవరికీ నష్టం లేదు. ఫోను వచ్చినప్పుడు నువ్వు గడియారం చూసుకుంటూ కూర్చోకుండా నన్నిక్కడ కూర్చోబెట్టారు. అంతే.”

“అంతేనా? ఖాళీ ఇల్లే కదా? కాలితే కాలింది. ఇసుక పంపిస్తాను. ఒరేయ్ డ్రైవరూ!”

“ఇసుకా! ఇల్లు అన్నయ్యా! సొంత చెల్లెలి ఇల్లు కాలుతుంటే ఇసుకా!”

“పరుపుల మంట అదే చల్లారుతుంది. తలుపు మూసేసి దూరంగా ఉండమని చెప్పు మీ వాళ్ళకి.”

“నువ్వు మనిషివేనా? కాళ్ళ కింద సంపు నిండా పెట్టుకుని...”

“చెల్లీ, నన్ను తిట్టు, కొట్టు. ఖాళీ ఇంటి కోసం బండి రాదు.”

“ఖాళీ ఇల్లని ఎవరు చెప్పారు నీకు?”

“ఇప్పుడేగా నువ్వే...”

“సామాను లేదన్నాను. మనిషి లేడనలేదు. మీ బావ డాబా మీదున్నాడు.”

“ఏంటీ?”

“టైర్లకి రాలేదు, ఖాళీ ఇంటికి రావని తెలుసు. మనిషి పైనుంటే తప్పకుండా వస్తావన్నాడు. ‘నా బామ్మర్ది వచ్చి నిచ్చెన వేస్తే గానీ దిగను’ అని నవ్వుతూ ఎక్కాడు. తువ్వాలు ఊపుతాడట, సినిమాలోలాగా.”

“మెట్లు?”

“ఆఁ?”

“మీ డాబాకి మెట్లెక్కడున్నాయి? ముందు గదిలోంచే కదా? మంట పెట్టింది ఆ ముందు గదిలోనే కదా?”

“నువ్వొస్తావుగా! నిచ్చెన ఉందిగా మీ దగ్గర! బండి రావడానికి ఎంతసేపని? ఈ గోడ దాటితే ఆ వీధి!”

“డ్రైవర్! ఒరేయ్ డ్రైవర్! లే!”

“సార్! ఏంటి సార్, పెద్దసార్లు వచ్చారా?”

“వెనక వీధి. మా చెల్లెలి ఇల్లు. మనిషి డాబా మీదున్నాడు, మెట్లు మంటలో ఉన్నాయి. నిచ్చెన తీసుకో. అందర్నీ ఎక్కించుకో.”

“అలాగే సార్. మరి మంటకి సార్?”

“నిచ్చెన తీసుకెళ్ళమన్నాను.”

“నిచ్చెన సరే సార్. మంటకేం తీసుకెళ్ళమంటారు?”

“మంటకేంటి డ్రైవరన్నా? బండిలో నీళ్ళుంటాయిగా?”

“అంటే... చెల్లెమ్మా... బండిలో ఉన్నవి మొన్న దూది గోడౌను దగ్గరే...”

“నువ్వు వెళ్ళు! దుప్పట్లు తీసుకెళ్ళు, ఇసుక తీసుకెళ్ళు, పో!”

“పోతున్నా సార్!”

“అన్నయ్యా, బండిలో అయిపోతే సంపులోంచి పట్టుకోవచ్చుగా. ఎందుకు పట్టుకోలేదు?”

“మాట్లాడకు. ఫోను చేసుకోనీ. హలో! హలో! ...ఛ, లైను బిజీ.”

“ఎవరికి చేస్తున్నావు?”

“పక్క స్టేషనుకి. వాళ్ళ బండి రావాలి.”

“వాళ్ళ బండెందుకు? నీకు సంపుంది కదా. అన్నయ్యా, నీకు సంపుంది కదా!”

“హలో! ఆఁ, నేనే. ఈ మధ్యాహ్నం పూట విసిగిస్తున్నాననుకోకండి. మీ నీళ్ళ బండి వెంటనే పంపండి. మా వెనక వీధి, ఇల్లు, మనిషి పైనున్నాడు. ...అవును, మాకుంది. ...అవును, షీల్డు వచ్చిందే. ...ఎగతాళి తర్వాత చేద్దురు గానీ... లేవండీ! నీళ్ళు లేవు! సంపులో చుక్క లేదు! రికార్డులో రాసుకోండి, నేనే చెప్పానని రాసుకోండి, ముందు బండి పంపండి! ...ఆఁ, సరే. వస్తుందట. దారిలో రైలు గేటు పడితే ఆలస్యమవుతుందట. చెల్లీ, లే. మనమూ వెళ్దాం.”

“చుక్క లేదా?”

“పద ముందు.”

“నేను కదలను. చుక్క లేదా? ఆ పెద్ద వాన పడింది కదా. నేను చూశాను కదా కిటికీలోంచి. ఎక్కడికి పోయాయి ఆ నీళ్ళన్నీ?”

“కాలవలోకి.”

“పైపులున్నాయిగా! మీ బావ బిగించిన పైపులు!”

“అప్పుడు లేవు.”

“ఎందుకు లేవు?”

“షీల్డు పోటీకి చూడటానికి పైవాళ్ళు వస్తున్నారన్నారు. ఉత్త గోడైతే బాగుండదు, బొమ్మ వేయించమన్నారు. చేతులు దోసిలి పట్టి వాన చుక్కని అందుకుంటున్న బొమ్మ. ‘ప్రతి చుక్కా ప్రాణమే’ అని కింద రాత. పెయింటరు వచ్చి పైపులు అడ్డమన్నాడు. సరే విప్పు, రేపు బిగిద్దాం అన్నాను.”

“ఆ తెరగుడ్డ! గోడకి అన్ని రోజులు గుడ్డ కప్పి ఉంచారు, దాని వెనకా?”

“రంగు ఆరలేదు. రెండో పూత వెయ్యాలన్నాడు. ఆ సాయంత్రమే వాన దిగింది.”

“మళ్ళీ తగిలించలేకపోయారా? నలుగురు మగాళ్ళున్నారు స్టేషన్లో!”

“డ్రైవరు పరిగెత్తాడు. పైపు భుజాన పెట్టుకుని గోడకి ఆనించబోయాడు. నేనే... ‘తడి రంగురా, బొమ్మ పాడవుతుంది, గోడ ముట్టుకోకు’ అని అరిచాను. వాడు అలాగే వానలో పైపు పట్టుకుని నిలబడ్డాడు. వాన కదా, కాసేపట్లో మళ్ళీ పడుతుందిలే అనుకున్నాను. మళ్ళీ పడలేదు.”

“బొమ్మ కోసం.”

“ఆఁ.”

“నీళ్ళు దాచుకోండని వేసిన బొమ్మ కోసం.”

“వచ్చినవాళ్ళు ఆ బొమ్మ ముందు నిలబడి ఫోటో దిగారు చెల్లీ. సంపు మూత తియ్యమని ఒక్కడు కూడా అడగలేదు. అడిగితే బాగుండేది. చెప్పేసేవాణ్ణి. షీల్డు చేతిలో పెట్టారు. షీల్డు వచ్చింది కాబట్టి, సొంత నీళ్ళున్నాయి కాబట్టి, మా స్టేషనుకొచ్చే ట్యాంకరు కూడా ఆపేశారు. ఇక ఎవరితో చెప్పను? చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే పిసినారి అంటారు. పిసినారే నయమనుకున్నాను.”

“అందుకా వదిన పుట్టింటికి?”

“పిల్లలకి నీళ్ళు లేక పంపేశాను.”

“నీ పిల్లల్ని పంపేసుకున్నావు. మాకెందుకు చెప్పలేదు? ‘లేవు’ అని ఒక్క మాట. మేం మున్సిపాలిటీ ముందు పడుకునేవాళ్ళం. రోడ్డుకి అడ్డం కూర్చునేవాళ్ళం. ట్యాంకరు తెచ్చుకునేవాళ్ళం. నువ్వు ‘ఉన్నాయి, ఇవ్వను’ అన్నావు. ఉన్నాయనే కదా అన్నయ్యా, ఇల్లు అంటించుకున్నాం!”

“నేనేం కలగన్నానా, ఇల్లు అంటిస్తారని?”

“నువ్వు ఆర్పుతావని అంటించాం!”

“తర్వాత చంపు నన్ను. ఇప్పుడు పద. బావకి ఫోను చెయ్యి, గోడ వెనక వైపు దూకమని చెప్పు, పరుపులు కింద పడేస్తే...”

“పరుపులే కదా కాలుతున్నాయి.”

“దేవుడా. సరే, చెయ్యి, ఫోను చెయ్యి.”

“ఎత్తట్లేదు. ఇదిగో, నువ్వు నొక్కు. ఎత్తట్లేదా? అన్నయ్యా, ఎందుకు ఎత్తట్లేదు?”

“పొగలో ఎలా ఎత్తుతాడు? ఇంకోసారి చేస్తాను. ఇదేంటి, మనకే వస్తోంది. టైలరమ్మ.”

“నేను మాట్లాడను. నువ్వు ఎత్తు. నేను వినను.”

“హలో, నేను ఆఫీసర్ని. చెప్పమ్మా. ఉన్నదున్నట్టు చెప్పు.”

“అన్నయ్యగారూ! మీ చెల్లెలు పక్కనుందా? వదినకి వినిపించండి!”

“వింటోంది. చెప్పు. మా బావ?”

“దిగాడు! దింపేశాం! అరచేతులు కాస్త బొబ్బలెక్కాయి, మీసం ఒకవైపు మాడింది. అంతే. ఇంటి ముందు కూర్చుని దగ్గుతూ కూడా జోకులేస్తున్నాడు. ఏడవకు వదినా!”

“ఎలా... ఎలా దించారు? మంట?”

“పిచ్చి మంట వదినా, అనుకున్నదానికంటే ఎగిసింది. తలుపుకి అంటుకుంది, మెట్ల దగ్గరికి పాకింది. మీ ఆయన పైనుంచి అరుస్తున్నాడు. ఆయన బండి కోసం ఆగుదామన్నాడు గానీ, ప్రాణం కదా, ఆగగలమా? ఆర్పేశాం!”

“దేంతో?”

“దేంతో ఏంటి వదినా? ఇంటింటికీ ఒక బిందె ఉంది కదా. అందరూ తెచ్చి కుమ్మరించారు. మా అమ్మాయి, పసిపిల్ల కోసం కాచి చల్లార్చి పెట్టుకున్న నీళ్ళు కూడా తనే తెచ్చి పోసింది. ఒక్క ఇల్లు కూడా వెనకాడలేదు. మొన్న నీ బిందెలు వంచి చూసినందుకు నా చెంపలేసుకుంటున్నాను, అది మనసులో పెట్టుకోకు.”

“అందరూనా? అన్ని బిందెలూనా?”

“అన్నీ! అడుగున ఉన్న మడ్డితో సహా. ఎందుకు దాచుకుంటాం, ఎలాగూ వస్తున్నాయిగా! పిల్లలంతా గిన్నెలు, చెంబులు, బకెట్లు పట్టుకుని రోడ్డు మీద వరసగా నిలబడ్డారు. అన్నయ్యగారూ, మిమ్మల్ని ఇన్నాళ్ళూ నానా మాటలూ అన్నాం, అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాం. అదిగో వదినా, సైరన్! మీ అన్నయ్య బండి మలుపు తిరిగింది! పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, వినిపిస్తోందా?”